అందరూ తిట్టిన రాక్ ఆల్బం ఎట్లా వినాలి

మెటాలికా బ్యాండు ఆల్బం 'సెయింట్ ఆంగర్' చెత్త అని తిరుపతిలో రాక్ వినే ప్రతి ఒక్కరికీ తెలుసు. దాన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఎవరు విన్నారని అడిగితే మాత్రం గుంపులో సగం మంది ఫోన్లు చూసుకుంటారు. యూట్యూబ్‌లో ఎవరో తిట్టిన వీడియో చూసుంటారు, హాస్టల్లో సీనియర్ ఎవరో "దాని జోలికి పోవద్దు రా" అని ఉంటాడు, అంతే, తీర్పు అయిపోయింది. నచ్చకపోతే తప్పేం లేదు, ఆ ఆల్బంలో నాకు నచ్చనివి బోలెడున్నాయి. ఎందుకు నచ్చలేదు అని ఎదురుగా ఉన్నవాడు అడిగితే నీళ్ళు నమలకుండా చెప్పగలగాలి, అదే ఇక్కడ విషయం.

'బాలేదు' అనే ఒక్క మాట వెనక ఐదారు రకాల ఫిర్యాదులు దాక్కుని ఉంటాయి. రికార్డింగ్ పాడైందనేవాళ్ళు కొందరు, పాడేవాడు మారిపోయాడనేవాళ్ళు కొందరు, గిటార్లు పక్కనపెట్టి కంప్యూటర్లు పట్టుకున్నారని ఏడ్చేవాళ్ళు, ఇన్నేళ్ళు ఆగితే ఇదా ఇచ్చేది అని మండిపడేవాళ్ళు. వీటిలో కొన్ని చెవితో తేల్చుకోగలిగినవి, ప్లే నొక్కి చూపించగలిగినవి. మిగతావి మనసులో ఉన్న పాత ఆల్బంతో వచ్చిన పేచీలు. ఈ రెంటినీ విడదీసి వినడం ఎట్లాగో నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు ఫైలు సంగతి

మా తరానికి తిరుపతిలో రాక్ షాపుల్లో దొరకలేదు, పెన్‌డ్రైవుల్లో దొరికింది. బాలాజీ కాలనీ రూముల్లో, యూనివర్సిటీ హాస్టళ్ళలో 'ఇంగ్లీష్ సాంగ్స్' అనే ఫోల్డర్ ఒకటి చేతులు మారుతూ ఉండేది. అందులో అన్నీ 128 కేబీపీఎస్ ఎంపీ3లే, అంటే బాగా కుదించిన నాసి ఫైళ్ళు. డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్ళెం, అదే సింబల్, కొట్టిన చోటల్లా గరగర, పాటల పేర్లు సగం తప్పు, ట్రాక్ నంబర్లు ఉండవు. నంబర్లు లేకపోతే కంప్యూటర్ ఏం చేస్తుంది, ఇంగ్లీషు అక్షర క్రమంలో పేర్చేస్తుంది. 'సెయింట్ ఆంగర్'కి దీనివల్ల భలే అన్యాయం జరిగింది: ఆల్బంలో అన్నిటికంటే చివర రావాల్సిన 'ఆల్ వితిన్ మై హ్యాండ్స్', పేరు 'ఎ'తో మొదలవుతుంది కాబట్టి మొదటికొచ్చి కూర్చునేది. దాదాపు తొమ్మిది నిమిషాల పాట, ఆఖర్లో బ్యాండు గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒకే మాట పట్టుకుని గొంతు చించుకుంటాడు. పది పాటలు దాటి చేరాల్సిన చోటు నుంచే మొదలుపెట్టినవాడు రెండో పాటకి ఎందుకు పోతాడు?

కాబట్టి ముందు అసలు పాటల వరుస చూసుకోండి, షఫుల్ తీసేయండి. తర్వాత, మీరు వింటున్నది ఏ వెర్షనో చూడండి. ఇది చాలామంది పట్టించుకోరు గానీ దీంట్లోనే సగం గొడవ ఉంటుంది. బీటిల్స్ 'లెట్ ఇట్ బీ' 1970లో వచ్చినప్పుడు రికార్డింగ్ పని చూసే ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' మీద ఆర్కెస్ట్రానీ కోరస్‌నీ కుమ్మరించాడు, పాట రాసిన పాల్ మెకార్ట్నీకే అది నచ్చలేదు, చివరికి 2003లో అవన్నీ తీసేసిన 'లెట్ ఇట్ బీ నేకెడ్' వచ్చింది. రష్ బ్యాండ్ 'వేపర్ ట్రెయిల్స్' 2002లో వచ్చినప్పుడు సౌండ్ పగిలిపోతోందని అభిమానులు గోల పెట్టారు, 2013లో మొత్తం మళ్ళీ మిక్స్ చేసి, అంటే ఒక్కో వాయిద్యం పాళ్ళు మళ్ళీ కలిపి, వదిలారు. మీ స్నేహితుడు తిట్టేది పాతదాన్ని, మీరు వెనకేసుకొచ్చేది కొత్తదాన్ని అయితే రాత్రంతా కొట్టుకున్నా తేలదు. డీలక్స్ ఎడిషన్లతో ఇంకో తంటా. పది పాటల ఆల్బం కింద ముప్పై డెమోలు, అంటే పాట తయారవకముందు చేసిన ముడి రికార్డింగులు, తగిలిస్తారు, అవి కూడా ఆల్బమే అనుకుని విని "అబ్బా, అయిపోదేంది ఇది" అంటారు.

ఫోన్‌లో ఈక్వలైజర్, బేస్ బూస్ట్, ఆ డాల్బీ హంగులన్నీ ఆపేయండి. స్పాటిఫైలో వాల్యూమ్‌ని సమం చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, ఆడియో నార్మలైజేషన్ అని, అది ఆన్‌లో పెట్టండి. రెండు ఆల్బంలు పోల్చేటప్పుడు ఏది గట్టిగా మోగితే అది బాగున్నట్టు చెవి మోసపోతుంది, ఎంత అనుభవం ఉన్నా సరే.

ఎక్కడ వినాలి? పొద్దున్నే అయితే ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో చెట్ల కింద నడుస్తూ వినొచ్చు, లీలామహల్ సెంటర్లో సాయంత్రం పూట మాత్రం ఏం విన్నా ఒకటే. అలిపిరి మెట్లెక్కేటప్పుడు దయచేసి వద్దు, గోవింద నామాల మధ్య ఆ డబుల్ బేస్ డ్రమ్ములు మీకూ బాగుండవు, పక్కన ఎక్కేవాళ్ళకీ బాగుండవు. నాకైతే తిరుపతి నుంచి చిత్తూరు బస్సు బాగా కుదురుతుంది. డెబ్బై కిలోమీటర్లు, గంటన్నర అటూ ఇటూ. 'సెయింట్ ఆంగర్' 75 నిమిషాలు, చంద్రగిరి దాటకముందే సహనం పోతే ఆల్బం పొడవు మీద మీ ఫిర్యాదు నిజమే అని తేలిపోయినట్టు, పూతలపట్టు దాకా లాగగలిగితే మిగిలింది ఎట్లాగూ వినేస్తారు. ఒక్క జాగ్రత్త: బస్సులో బేస్ గురించి తీర్పు చెప్పొద్దు. ఇంజన్ రొద మొత్తం కింది స్వరాల్నే మింగేస్తుంది కాబట్టి మన ఆర్టీసీ బస్సులో ఏ ఆల్బంలోనూ బేస్ ఉండదు.

చెవికి పట్టుబడే ఫిర్యాదులు

సౌండ్ బాలేదు అనే ఫిర్యాదు నేర్చుకోవడానికి మెటాలికా కంటే మంచి బడి లేదు. ఒకే బ్యాండు, మూడు ఆల్బంలు, మూడు వేరువేరు జబ్బులు.

మొదటిది 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్', 1988. అంతకు రెండేళ్ళ ముందు, 1986 సెప్టెంబరులో, స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో కింది స్వరాలు పలికే బేస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అతని స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. వచ్చి ఆల్బం మొత్తం వాయించాడు, కానీ రికార్డులో అతని బేస్ వినపడదు. డ్రమ్ములు వాయించే లార్స్ అల్రిక్ తగ్గించమన్నాడని మిక్స్ చేసిన స్టీవ్ థామ్సన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకుంటూ వచ్చాడు. ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఇయర్‌ఫోన్లతో 'బ్లాకెన్డ్' పెట్టి కేవలం బేస్ కోసమే వెతకండి. గిటార్ ఉంటుంది, డ్రమ్ము పెడల్ టకటకా ఉంటుంది, మధ్యలో ఉండాల్సిన మనిషి లేడు. వెంటనే 1991లో వచ్చిన తర్వాతి ఆల్బంలో 'మై ఫ్రెండ్ ఆఫ్ మిజరీ' పెట్టండి. అది బేస్‌తోనే మొదలవుతుంది, అదే న్యూస్టెడ్, అవే వేళ్ళు. ఈ రెండు పాటలూ పక్కపక్కన వింటే మిక్సింగ్ అంటే ఏంటో ఇంకెవరూ మీకు చెప్పక్కర్లేదు. కొందరు అభిమానులైతే బేస్ పెంచి సొంత వెర్షన్లు తయారు చేసి, 'అండ్ జస్టిస్ ఫర్ జేసన్' అని పేరు పెట్టి నెట్‌లో వదిలారు.

ఇక 2003 నాటి 'సెయింట్ ఆంగర్'. దీన్ని జూనియర్ ఒకతనికి వినిపిస్తే మొదటి పాట 'ఫ్రాంటిక్' ఇరవై సెకన్లు కాకముందే ఇయర్‌ఫోన్ తీసి, "ఏంది నా ఇది, ఖాళీ బిందె మీద కొట్టినట్టుంది?" అన్నాడు. స్నేర్ డ్రమ్ము అడుగున సన్నటి తీగల వరుస ఉంటుంది, పైన కొట్టినప్పుడు అవి కింది చర్మానికి తగిలి 'ఛట్' మనే చప్పుడు వస్తుంది. పక్కనున్న చిన్న లివర్ తిప్పితే తీగలు వదులవుతాయి, అప్పుడు 'టంగ్' మని మోగుతుంది. అల్రిక్ ఆ తీగల్ని వదిలేసి ఆల్బం మొత్తం అట్లాగే వాయించాడు. జూనియర్‌కి ఈ సంగతి చెప్పి ఇంకో పాట వినిపించాను. "సరే, తెలిసింది నా, కానీ తెలిసినంత మాత్రాన బాగుండదు కదా" అన్నాడు. కరెక్టే అన్నాడు.

కానీ ఆగండి. 'జస్టిస్'లో బేసే లేదు, అయినా దాన్ని జనం నెత్తిన పెట్టుకుంటారు. అందులోని 'వన్' పాటకి 1990లో గ్రామీ వచ్చింది. ఆ మాటకొస్తే 'సెయింట్ ఆంగర్' టైటిల్ పాటకీ 2004లో గ్రామీ వచ్చింది, అది చెప్తే ఎవరూ నమ్మరు. అంటే సౌండ్ పాడైనంత మాత్రాన ఆల్బం మీద పగ పట్టరన్నమాట. స్నేర్ డ్రమ్మును పక్కనపెట్టి వినండి: పాటలన్నీ ఐదు నుంచి తొమ్మిది నిమిషాల దాకా, ఒక్కో రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క, అవసరానికి మించి నాలుగు సార్లు ఎక్కువ తిరుగుతుంది, గిటార్ సోలో ఆల్బం మొత్తంలో ఒక్కటీ లేదు. కిర్క్ హామెట్ లాంటి గిటారిస్టుని పక్కన పెట్టుకుని సోలో లేకుండా ఆల్బం తీశారు. ఆ రోజులన్నీ కెమెరాలో రికార్డయ్యాయి, 2004లో 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' అనే డాక్యుమెంటరీగా వచ్చాయి. అందులో సోలోలు తీసేస్తే ఆల్బం ఈ కాలానికి మాత్రమే చెందినదై పోతుందని హామెట్ వాదిస్తాడు, మిగతావాళ్ళు వినరు. న్యూస్టెడ్ 2001 జనవరిలోనే వెళ్ళిపోయాడు, హెట్‌ఫీల్డ్ మద్యం మాన్పించే చికిత్సకి వెళ్ళాడు, ప్రొడ్యూసర్ బాబ్ రాక్ తనే బేస్ అందుకున్నాడు, గొడవలు తీర్చడానికి నెలకు 40,000 డాలర్లిచ్చి ఒక కౌన్సెలర్‌ని పెట్టుకున్నారు. ఆ సినిమా చూశాక ఆల్బం మీద జాలి కలుగుతుంది. జాలి కలిగిందని మార్కులు కలపక్కర్లేదు. నా లెక్కలో దీని అసలు రోగం స్నేర్ కాదు, పాటల్ని కత్తిరించేవాడు లేకపోవడం. అదే స్నేర్‌తో 45 నిమిషాల ఆల్బం అయ్యుంటే ఇవాళ దాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు సగం ఊరుండేవాళ్ళు.

మూడోది 'డెత్ మ్యాగ్నెటిక్', 2008. సోలోలు తిరిగొచ్చాయి, పాటలు బాగున్నాయి, అయినా వినగా వినగా తలనొప్పి. కారణం లౌడ్‌నెస్. మామూలుగా పాటలో మెల్లగా ఉండే చోట్లు, గట్టిగా ఉండే చోట్లు ఉంటాయి, ఆ తేడాని కంప్రెషన్‌తో నొక్కేసి అన్నిటినీ గట్టిగా చేసేస్తే, పైకి పోవాల్సిన శబ్దానికి పోయే చోటు లేక అంచులు తెగిపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. విడుదలకి ముందు చివరి మెరుగు, అదే మాస్టరింగ్, చేసిన టెడ్ జెన్సెన్ చేతికి వచ్చేసరికే మిక్స్ అట్లా నలిగిపోయి ఉంది. అభిమానులకి ఈ సంగతి ఎట్లా బయటపడిందంటే, అదే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో కూడా వచ్చాయి, అక్కడ అంత నలగలేదు, సీడీ కంటే గేమ్‌లోనే బాగుందని పోల్చి చూపించారు. మీరు తేల్చుకోవాలంటే 'ది డే దట్ నెవర్ కమ్స్' వినండి. మొదట్లో గిటార్ మెల్లగా, శుభ్రంగా ఉంటుంది. పాట బరువెక్కాక వాల్యూమ్ బాగా తగ్గించి వినండి, తగ్గించినా డ్రమ్ము దెబ్బ చివర చిన్న గరుకు అట్లాగే ఉంటే అది మీ ఇయర్‌ఫోన్ తప్పు కాదు.

మనిషి మారినప్పుడు

బ్రూస్ డికిన్‌సన్ 1993లో ఐరన్ మెయిడెన్ బ్యాండు వదిలేశాడు. పాడడానికి అతని చోట బ్లేజ్ బేలీ వచ్చాడు, 'ది ఎక్స్ ఫ్యాక్టర్' 1995లో, 'వర్చువల్ ఎలెవెన్' 1998లో. మన దగ్గర మెయిడెన్ టీషర్ట్ వేసుకునే వాళ్ళలో ఈ రెండూ విన్నవాళ్ళు తక్కువ, తిట్టేవాళ్ళు ఎక్కువ. 2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ళ షోకి చిత్తూరు, పలమనేరు, కోలారు మీదుగా బస్సుల్లో పోయినవాళ్ళు చూసింది డికిన్‌సన్‌ని కాబట్టి బ్లేజ్ అంటే వాళ్ళకి వేరే మతం.

ఇక్కడ ఒక సులువైన పరీక్ష ఉంది, ఇంత తేటగా తేలే పరీక్ష రాక్‌లో ఇంకోటి దొరకడం కష్టం. 'ది ఎక్స్ ఫ్యాక్టర్'లో మొదటి పాట 'సైన్ ఆఫ్ ది క్రాస్', పదకొండు నిమిషాలు. స్టూడియోలో బ్లేజ్ పాడింది ముందు వినండి. తర్వాత 'రాక్ ఇన్ రియో' లైవ్ ఆల్బంలో, అంటే 2001 జనవరిలో బ్రెజిల్‌లో, తిరిగొచ్చిన డికిన్‌సన్ అదే పాట పాడింది వినండి. రెండోసారి మీకు రోమాలు నిక్కబొడుచుకుంటే, మీ ఫిర్యాదు పాట మీద కాదు, గొంతు మీద. బ్లేజ్ గొంతు బరువైనది, కింది స్థాయిలో హాయిగా తిరుగుతుంది, కానీ ఆ పాటల్ని బ్యాండులో పాటలు కట్టే స్టీవ్ హారిస్ పై స్థాయిలో పాడే మనిషికి అలవాటైన చేత్తోనే కట్టాడు. అట్లాంటప్పుడు తప్పు పాడినవాడిదా, పాడించినవాడిదా? 'వర్చువల్ ఎలెవెన్'లోని 'ది క్లాన్స్‌మన్' కూడా రియో ఆల్బంలో ఉంది, దాంతోనూ ఇదే పరీక్ష చేయండి. 'ది ఏంజెల్ అండ్ ది గ్యాంబ్లర్' పూర్తి వెర్షన్‌కి మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు. ఒకే పల్లవి దాదాపు పది నిమిషాల పాటలో ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టేవాళ్ళు అలసిపోతారు, దాన్ని డికిన్‌సన్ కాదు కదా ఎవరు పాడినా ఎవరూ కాపాడలేరు.

దారి మార్చినప్పుడు

ఇది పూర్తిగా మనసు పేచీ. బ్యాండు ఏం వాయించిందో కాదు, మనం ఏం ఆశించామో అదే చెవిలో మోగుతూ ఉంటుంది.

నీల్ యంగ్ సంగతి చెప్పాలి. 1970ల్లో అకౌస్టిక్ గిటార్, హార్మోనికాతో పాడినవాడు 1982 చివర్లో 'ట్రాన్స్' అని ఒకటి తెచ్చాడు. చాలా పాటల్లో గొంతు వోకోడర్ అనే యంత్రంలోంచి వస్తుంది, రోబో పాడినట్టే. అభిమానులు బిత్తరపోయారు. ఆ వెంటనే పాతకాలపు రాకబిల్లీ పద్ధతిలో 25 నిమిషాల చిన్న ఆల్బం ఇంకోటి ఇచ్చాడు. చివరికి అతని రికార్డు కంపెనీ గెఫెన్ రికార్డ్స్ 1983లో కోర్టుకెక్కింది, అతను నీల్ యంగ్‌లా లేని సంగీతం చేస్తున్నాడని, 33 లక్షల డాలర్లు ఇప్పించమని. నీల్ యంగ్ నీల్ యంగ్‌లా లేడని కేసు! అసలు సంగతి తర్వాత బయటికొచ్చింది. అతని కొడుకు బెన్‌కి సెరిబ్రల్ పాల్సీ, మాట్లాడలేడు, ఆ పిల్లవాడితో మాట కలపడానికి పడిన పాట్లలోంచి పుట్టిన ఆల్బం అది. యంత్రం వెనక గొంతు అర్థం కాకపోవడమే అక్కడ విషయం. 'ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్' ఒకసారి ఈ సంగతి తెలియకుండా, ఒకసారి తెలిసి వినమని చెప్దామనుకున్నాను గానీ ఇప్పుడు మీకు తెలిసిపోయింది కదా, మీ స్నేహితుడి మీద చేసి చూడండి.

అయితే కథ తెలిసిందని పాట బాగైపోదు. లింకిన్ పార్క్ 'వన్ మోర్ లైట్' 2017 మేలో వచ్చింది, పాప్ పాటలు, అరుపులు లేవు, గిటార్లు పల్చన. 'హైబ్రిడ్ థియరీ' మీద పెరిగిన ఇంజనీరింగ్ కుర్రాళ్ళందరూ దుమ్మెత్తి పోశారు, బ్యాండు గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ ఇంటర్వ్యూల్లో వాళ్ళ మీద కోప్పడ్డాడు కూడా. జులై 20న అతను చనిపోయాడు. ఆ తర్వాత అవే పాటల్లో మాటలు వేరేగా వినిపించాయి, తిట్టినవాళ్ళే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అది సహజం. కానీ రెండేళ్ళు పోయాక అదే ఆల్బం మళ్ళీ విని, మాటలకి ఒక మార్కు, సంగీతానికి ఒక మార్కు విడిగా వేయగలిగితేనే వినడం వచ్చినట్టు. నాకు టైటిల్ పాట ఉండిపోయింది, మిగతావాటిలో చాలావరకు ఆ ఏడాది రేడియోలో ఎవరు పాడినా అట్లాగే ఉండేవి.

రేడియోహెడ్ 'కిడ్ ఎ' గురించి రెండు ముక్కలు చాలు: 2000 అక్టోబరులో వచ్చినప్పుడు గిటార్లు ఎక్కడ అని అడిగినవాళ్ళే పదేళ్ళ తర్వాత దాన్ని ఆ దశాబ్దపు గొప్ప ఆల్బంలలో చేర్చారు. ఇట్లాంటి ఆల్బంకి వినే పద్ధతి ఏంటంటే, దానికి ముందు ఆ బ్యాండువే పాత పాటలు వినకండి. ఒక వారం ఆ బ్యాండునే ముట్టుకోకుండా ఉండి అప్పుడు వినండి. చాలామంది ఎదురు చేస్తారు, పాత ఆల్బం మొత్తం విని ఆ ఊపులో కొత్తది పెడతారు, పెట్టి మొహం మాడ్చుకుంటారు.

ఎదురుచూపులు, పొడవు

గన్స్ ఎన్ రోజెస్ సొంత పాటలతో 1991లో రెండు 'యూజ్ యువర్ ఇల్యూజన్'లు ఇచ్చి, మళ్ళీ సొంత పాటల ఆల్బం ఇచ్చింది 2008 నవంబరులో, 'చైనీస్ డెమాక్రసీ'. పదిహేడేళ్ళు. మధ్యలో గిటారిస్టు స్లాష్ బ్యాండు వదిలి వెళ్ళాడు, బేస్ వాయించే డఫ్ వెళ్ళాడు, ఖర్చు 1.3 కోట్ల డాలర్లని 2005లోనే పత్రికల్లో వచ్చింది. ఈ ఆల్బం 2008లో వస్తే అమెరికాలో స్లాష్‌కీ బకెట్‌హెడ్‌కీ తప్ప, అంటే బ్యాండు వదిలిన ఇద్దరు గిటారిస్టులకి తప్ప, అందరికీ ఒక్కో డబ్బా ఉచితం అని డాక్టర్ పెప్పర్ కూల్‌డ్రింక్ కంపెనీ నవ్వులాటకి ప్రకటించింది, నిజంగానే వచ్చేసరికి కూపన్ల వెబ్‌సైట్ కుప్పకూలింది. 'చైనీస్ డెమాక్రసీ' వినాలంటే ముందు ఆ బ్యాండు పేరు మర్చిపోండి. బ్యాండు గాయకుడు ఆక్సెల్ రోజ్ ఒక్కడే చేసిన సోలో ఆల్బం అనుకుని 'బెటర్', 'స్ట్రీట్ ఆఫ్ డ్రీమ్స్', 'దేర్ వాజ్ ఎ టైమ్' పెట్టండి. ఈ మూడూ మంచి పాటలు, నేను పందెం కాస్తాను. ఇయర్‌ఫోన్లలో జాగ్రత్తగా వింటే అసలు చిక్కు తెలుస్తుంది: ఏళ్ళ తరబడి ఒకరి మీద ఒకరు వాయించిన గిటార్లు, వయొలిన్లు, డ్రమ్ము మెషిన్లు అన్నీ ఒకే పాటలో కిక్కిరిసి ఉంటాయి. ఎదురుచూపు అభిమానుల్నే కాదు, పాటల్నీ పాడు చేసింది.

యూ2 వాళ్ళ కథ చిన్నది. 2014 సెప్టెంబరులో 'సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్'ని ఆపిల్ 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లోకి అడగకుండా పంపేసింది, జనం ఎంత చిరాకు పడ్డారంటే తీసేయడానికి ప్రత్యేకంగా ఒక బటన్ ఇవ్వాల్సొచ్చింది, గాయకుడు బోనో సారీ చెప్పాడు. ఆ ఆల్బంని తిట్టేవాళ్ళని ఒక్క పాట పేరు చెప్పమనండి చాలు.

పొడవు రోగానికి ఒయాసిస్ 'బీ హియర్ నౌ' చూడాలి. 1997 ఆగస్టులో వచ్చి మొదటి వారంలోనే బ్రిటన్‌లో దాదాపు ఏడు లక్షలు అమ్ముడైంది. మొదట్లో పత్రికలన్నీ ఆకాశానికెత్తాయి, ఏడాది తిరిగేలోపు అదే ఆల్బం అతికి మారుపేరైంది. 71 నిమిషాలు, 'ఆల్ అరౌండ్ ది వరల్డ్' ఒక్కటే తొమ్మిది నిమిషాలు దాటుతుంది, గిటార్ మీద గిటార్ మీద గిటార్. బ్యాండులో పాటలు రాసే నోయెల్ గాలహర్ 2016 రీఇష్యూకి మొత్తం కొత్తగా మిక్స్ చేద్దామని కూర్చుని ఒక్క 'డి యూ నో వాట్ ఐ మీన్' చేసి వదిలేశాడు. ఇట్లాంటి ఆల్బంకి మందు మీ చేతిలోనే ఉంది. ప్లేలిస్ట్ తెరిచి, 45 నిమిషాలు దాటకుండా మీ సొంత వెర్షన్ కట్టండి. 'యూజ్ యువర్ ఇల్యూజన్' రెండింటినీ ఒక్క డిస్కుగా కుదించే ఆట అభిమానులు ఎప్పట్నుంచో ఆడుతున్నారు. కుదించాక మిగిలింది బాగుంటే అది మంచి పాటలున్న చెడ్డ ఆల్బం, ఎంత కుదించినా బాగాలేకపోతే పాటలే లేవు. ఇది వాదనల్లో చాలా పనికొస్తుంది, ఎందుకంటే అవతలివాడు ఏ పాట తీసేశాడో చూస్తే వాడి చెవి ఎట్లాంటిదో తెలిసిపోతుంది.

రివ్యూలు, ఆ తర్వాత

రివ్యూ చదివేటప్పుడు తేదీ చూడండి. విడుదలైన వారం రాసింది ఒకటి, పదేళ్ళ తర్వాత రాసింది ఒకటి, రెండూ చదవండి. 'బీ హియర్ నౌ' పైనుంచి కిందికి పడింది. వీజర్ 'పింకర్టన్' దీనికి తలకిందులు, 1996లో వచ్చినప్పుడు రోలింగ్ స్టోన్ పాఠకులు ఆ ఏడాది చెత్త ఆల్బంల వరుసలో దాన్ని పైన పెట్టారు, పాడిన రివర్స్ క్వోమో కూడా కొన్నేళ్ళు దాన్ని ఛీ కొట్టాడు, 2010 వచ్చేసరికి అదే ఆల్బం మొత్తం వరుసగా వాయిస్తూ టూర్ చేశారు. ఆల్బంలో ఒక్క స్వరం మారలేదు, విన్నవాళ్ళు మారారు.

అట్లాగని తిట్లు తిన్న ప్రతిదీ మరుగున పడ్డ మాణిక్యం అనుకుని బయల్దేరొద్దు, అదీ ఒక ఫ్యాషన్ అయిపోయింది ఈమధ్య. ది క్లాష్ 'కట్ ది క్రాప్' 1985 వినండి, మిక్ జోన్స్‌ని పంపించేశాక మిగిలినవాళ్ళ మీద డ్రమ్ము మెషిన్లు, గుంపు అరుపులు పేర్చిన ఆల్బం, 'దిస్ ఈజ్ ఇంగ్లండ్' ఒక్కటి పక్కన పెడితే జనం చెప్పిందే నిజం. కొన్నిటికి జనం మాట నిజమే అవుతుంది, దాన్ని కాదనడానికి కష్టపడక్కర్లేదు.

'లులు' మాత్రం నేను ఇప్పటికీ తేల్చుకోలేని రకం. మెటాలికా బెంగళూరులో వాయించింది 2011 అక్టోబరు 30న, పాత తరం రాక్ గాయకుడు లూ రీడ్‌తో కలిసి చేసిన ఈ ఆల్బం చాలా దేశాల్లో విడుదలైంది ఆ మర్నాడే. ఆ షో ఊపులో తిరిగొచ్చి, అదే ఊపుతో దీన్ని పెట్టినవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి. ఒక ముసలాయన జర్మన్ నాటకాల కథని గొణుగుతూ చదువుతుంటాడు, వెనక బ్యాండు వేరే గదిలో వాయిస్తున్నట్టుంటుంది. తొంభై నిమిషాల దాకా ఉంది, అంతా వినమని శత్రువుకి కూడా చెప్పను. కానీ చివరి పాట 'జూనియర్ డాడ్', పందొమ్మిది నిమిషాలు, అదొక్కటి రాత్రి పూట ఇంట్లో లైట్లు ఆర్పి వినండి, మిగతాది విన్నా వినకపోయినా.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ముందు 'జస్టిస్' బేస్ పరీక్ష, తర్వాత 'సైన్ ఆఫ్ ది క్రాస్' రెండు గొంతుల్లో, అవి అయ్యాక 'బీ హియర్ నౌ' కత్తిరింపు. ఈ మూడూ ఒక్క ఆదివారంలో అయిపోతాయి. లూ రీడ్ 1975 నాటి 'మెటల్ మెషిన్ మ్యూజిక్' జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. గంటకు పైగా గిటార్ ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ దగ్గర గిటార్ పెడితే వచ్చే కూత, తప్ప పాట లేదు, గొంతు లేదు, డ్రమ్ము లేదు. పాత ఎల్‌పీలో నాలుగో వైపు చివర గాడిని గుండ్రంగా మూసేశాడు, ముల్లు పైకెత్తితే తప్ప అది ఆగదు. ఫోన్‌లో అయితే అదే ఆగిపోతుంది, అదొక్కటే మనకి కలిసొచ్చింది.